జెరియాట్రిక్స్ ఫెలోషిప్ చేయాలనుకుంటున్నారా? విశాఖ డాక్టర్లు ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి

నెలకి ఇద్దరు ముగ్గురు జూనియర్లు ఇదే అడుగుతున్నారు. "సార్, జెరియాట్రిక్స్‌లో ఫెలోషిప్ చేద్దామనుకుంటున్నాను. ఎక్కడ చేస్తే మంచిది?" జెరియాట్రిక్స్ అంటే వృద్ధుల వైద్యం, ఫెలోషిప్ అంటే డిగ్రీ అయ్యాక ఒక శాఖలో తీసుకునే అదనపు శిక్షణ. అడిగేవాళ్లలో కొందరు కేజీహెచ్‌లో హౌస్ సర్జన్సీ (ఇంటర్న్‌షిప్) ముగించి పీజీ సీటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. కొందరు జనరల్ మెడిసిన్ ఎండీ చేసి గాజువాకలోనో మధురవాడలోనో క్లినిక్ పెట్టుకున్నవాళ్లు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్తే ఇద్దరికీ నష్టమే. ఫోనులో ప్రతిసారీ అరగంట చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మీకూ నాకూ సుఖమని ఇది రాస్తున్నాను.

ఈ వైద్యం ఎందుకు అవసరమో చెప్పి మీ టైము తినను. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లనూ, పదింటికి మీ ఓపీ బెంచీ మీద కూర్చున్నవాళ్లనూ చూస్తే మీకే తెలుస్తుంది. స్టీల్‌ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో రిటైరై, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఇద్దరే మిగిలిన ఇళ్లు ఈ ఊళ్లో వీధివీధికీ ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు మీ దగ్గర ఉండాల్సినవి

- ఎంబీబీఎస్ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఏపీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. పీజీ చేసి ఉంటే దాని అదనపు రిజిస్ట్రేషన్ కూడా. ఇది వాయిదా వేసేవాళ్లు చాలామంది.
- కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ మీద చర్యలేవీ లేవనే పత్రం). బయటి దేశానికి వెళ్లేవాళ్లకు తప్పదు.
- పదో తరగతి మార్కుల జాబితా, పాస్‌పోర్టు. రెండింటిలో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూడండి. దీని గురించి కింద విడిగా చెప్తాను.
- ఒక స్టాప్‌వాచ్, మూడు మీటర్ల టేపు, చేతులున్న కుర్చీ, బీపీ మెషిన్, ఒక లాంగ్ నోట్‌బుక్. నవ్వకండి. మీ దరఖాస్తులో అసలు బలం వీటితోనే వస్తుంది.

1. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోండి

ఎంబీబీఎస్ మాత్రమే ఉండి, ఈ శాఖలో స్పెషలిస్టు కావాలంటే మన దేశంలో రాజమార్గం నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ జెరియాట్రిక్స్‌లోనో, దానికి సమానమైన డీఎన్‌బీలోనో చేరడమే. ఈ ఎండీ 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్ తర్వాత మొదలుపెట్టింది. సీట్లు తక్కువే. కానీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు జనరల్ మెడిసిన్ ఒక్కటే పట్టుకుని కూర్చుని, ఈ పేరు కనిపించినా దాటేసి, తర్వాత నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. అలా చేయకండి.

పీజీకి కుదరకపోతే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) వాళ్ల పీజీ డిప్లొమా ఇన్ జెరియాట్రిక్ మెడిసిన్ ఒకటి ఉంది. ఎంబీబీఎస్ వాళ్ల కోసమే పెట్టింది. కనీసం ఏడాది. ఇంట్లో చదువుకోవడంతో పాటు ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి. విశాఖలో ఇగ్నో రీజనల్ సెంటర్ ఉంది కాబట్టి ఈ ఏడాది అడ్మిషన్లు తెరిచారా, ప్రాక్టికల్స్ ఏ ఊళ్లో అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి. చదువు బాగుంటుంది. అయితే దాన్ని ఎండీతో సమానం అనుకోకండి.

ఎండీ మెడిసిన్ గానీ ఫ్యామిలీ మెడిసిన్ గానీ చేసినవాళ్లకే మన దేశంలో ఫెలోషిప్ నిజంగా అక్కరకొస్తుంది. బేస్ ఉంటుంది, దాని మీద కట్టుకోవచ్చు.

అమెరికా సంగతి వేరు. అక్కడ జెరియాట్రిక్ ఫెలోషిప్ పన్నెండు నెలలు. అందులో చేరాలంటే ముందు అక్కడి గుర్తింపు ఉన్న ఇంటర్నల్ మెడిసిన్ లేదా ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ చేసే పీజీ శిక్షణ) పూర్తిచేయాలి. "నాకు ఇక్కడ ఎండీ ఉంది, నేరుగా ఫెలోషిప్‌కి వెళ్లొచ్చా?" అన్నది నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న. అరుదైన మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని ఏళ్లు ఖర్చుపెట్టకండి. రెసిడెన్సీలో ఉన్నవాళ్లకు మాత్రం మంచి మాట: ఈ ఫెలోషిప్‌లో ఏటా చాలా సీట్లు నిండకుండా మిగిలిపోతాయి. జులైలో ప్రోగ్రాములు దరఖాస్తులు చూడటం మొదలుపెడతాయి, డిసెంబరు మొదట్లో మ్యాచ్ (ఎవరికి ఏ ప్రోగ్రామో తేల్చే కేటాయింపు) ఫలితం వస్తుంది, మరుసటి జులైలో చేరతారు. శిక్షణకు వెళ్లేవాళ్లకిచ్చే జే-1 వీసా మీద ఉంటే ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ శాఖ డాక్టర్లు మన దేశానికి అవసరమనే లేఖ) తెచ్చుకోవాలి. అందులో స్పెషాలిటీ పేరు ఉంటుంది కాబట్టి రెసిడెన్సీకి తెచ్చిన పాత లెటర్‌తో సరిపెట్టుకోలేరు. మ్యాచ్ ఫలితం వచ్చిన వారమే ఆ పని మొదలుపెట్టండి.

బ్రిటన్ వైపు చూసేవాళ్లకు ఒక్క హెచ్చరిక. అక్కడి ఆసుపత్రుల ప్రకటనల్లో కనిపించే "క్లినికల్ ఫెలో" చాలాసార్లు ఉద్యోగం పేరు మాత్రమే, ట్రైనింగ్ పోస్టు కాదు. వార్డు అనుభవం బాగా వస్తుంది, చివర్లో స్పెషలిస్టు గుర్తింపు దానంతటది రాదు. ఇక్కడే ఉండి చదువును పరీక్షించుకోవాలంటే అక్కడి రాయల్ కాలేజీల స్పెషాలిటీ సర్టిఫికెట్ ఎగ్జామ్ ఉంది. ఏడాదికి ఒకసారి, రెండు పేపర్లు, ఒక్కోదాంట్లో వంద ప్రశ్నలు.

2. ప్రోగ్రామ్‌ని పరీక్షించండి

పేషెంటును చూసినట్టే చూడండి. బ్రోషర్ చదివి డయాగ్నసిస్ రాసేయకండి. నేనొకసారి ఆ తప్పు చేశాను. "హ్యాండ్స్ ఆన్" అని రాసి ఉన్న ఒక సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టాను. చేతికి తగిలింది ల్యాప్‌టాప్ కీబోర్డు ఒక్కటే. పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి.

ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు రాసుకోండి.

- సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? యూనివర్సిటీదా, ఆసుపత్రిదా, సొసైటీదా? నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తించిన అర్హతేనా? "ప్రాసెస్‌లో ఉంది" అంటే లేదనే రాసుకోండి.
- ఫుల్‌టైం జెరియాట్రీషియన్లు ఎంతమంది? వారానికోసారి వచ్చే కన్సల్టెంటును లెక్కలో వేసుకోవద్దు.
- వృద్ధులకు విడిగా వార్డు ఉందా? మెమరీ క్లినిక్, ఇంటికెళ్లి చూసే సేవ, ఫిజియోథెరపీ ఉన్నాయా?
- సైకియాట్రీ, న్యూరాలజీ, పాలియేటివ్ కేర్, తుంటి ఎముక విరిగినవాళ్ల ఆర్థో వార్డు, వీటిలో పోస్టింగు ఎన్ని వారాలు?
- నైట్ డ్యూటీలు ఎక్కడ? ఇది మొహమాటపడకుండా అడగండి. ఫెలో అని పిలిచి ఏడాదంతా ఐసీయూ రాత్రి డ్యూటీలకు వాడుకునే చోట్లు ఉన్నాయి.
- కిందటి రెండు బ్యాచ్‌ల ఫెలోల నంబర్లు ఇస్తారా?

ఆఖరి ప్రశ్నకు నీళ్లు నమిలితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. నంబర్లు ఇస్తే ఇద్దరితో మాట్లాడండి. "బాగుందా?" అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. "నిన్న పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఏం చేశావు?" అని అడగండి.

ప్రత్యామ్నాయం: ఏడాది ఇల్లు వదల్లేనివాళ్లు ముందు రెండు మూడు వారాల అబ్జర్వర్‌షిప్ (పక్కన ఉండి చూసి నేర్చుకోవడం) చూసుకోండి. చెన్నైలో, వెల్లూరు సీఎంసీలో పాతుకుపోయిన జెరియాట్రిక్స్ విభాగాలున్నాయి. రాత్రి రైలెక్కితే వెల్లూరుకి దిగే కాట్పాడి ఏమంత దూరం కాదు. వెళ్లేముందు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

3. మూడు నెలలు మీ ఓపీలోనే సాధన చేయండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా మాట వింటే అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. వారానికి రెండు రోజులు, రోజుకి ఇద్దరు, అరవై ఐదు దాటినవాళ్లు. మూడు నెలల్లో దాదాపు యాభై కేసులవుతాయి. ఒక్కొక్కరికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ. పేరు రాయకండి, వరస నంబరు చాలు.

*మాత్రల సంచి.* అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే "ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం, కళ్ల చుక్కలు, పక్కింటివాళ్లిచ్చినవి కూడా సంచిలో వేసుకుని రండి" అని చెప్పించండి. టేబుల్ మీద కుమ్మరించి లెక్కపెట్టండి. ఒకే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగుతున్నవాళ్లు మీకు మొదటి నెలలోనే దొరుకుతారు.

పెదవాల్తేరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఎవరో సిన్నరిజిన్ రాశారు. నెలల తరబడి వేసుకున్నారు. దాని వల్ల చేయి వణుకు, నడక నెమ్మది. పార్కిన్సన్ అనుకుని ట్రైహెక్సిఫెనిడిల్ చేర్చారు. దాంతో మలబద్ధకం, మతిమరుపు. మతిమరుపుకి డొనెపెజిల్. అసలు కళ్లు తిరగడానికి కారణం ప్రోస్టేట్‌కి రాసిన టామ్సులోసిన్, బీపీ మాత్రలు కలిసి నిలబడగానే బీపీని పడగొట్టడం. ఈ వరసలో రెండో చీటీ నాదే. అందుకే బాగా గుర్తుంది.

జాగ్రత్త: ఉత్సాహంలో అన్నీ ఒక్కరోజే ఆపేయకండి. ఒకసారికి ఒక మందు. నిద్రమాత్రలు, బీటా బ్లాకర్లు (గుండెకీ బీపీకీ వాడేవి) ఉన్నట్టుండి ఆపితే కొత్త ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే, మెల్లగా తగ్గించాలి. ముందు రాసిన డాక్టరుగారికి ఒక ఫోన్ కొట్టండి.

*నిలబెట్టి బీపీ.* అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే రాసుకోండి. క్లినిక్‌లో పడుకోబెట్టే చోటు లేక కూర్చోబెట్టి చూస్తే తేడా తక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి కూడా రాయండి.

*లేచి నడిచే పరీక్ష.* చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులే, రోజూ పట్టుకునే కర్రే. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందనుకోండి. పొరపాటు ఎక్కడంటే, మనం పక్కన నిలబడి "బేగి రండి, బేగి రండి" అంటాం. వాళ్ల మామూలు నడక కావాలి మనకు. ఒకసారి ఊరికే నడిపించి, రెండోసారి టైము చూడండి.

*కిడ్నీ లెక్క.* రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 చూసి కిడ్నీలు నార్మల్ అని పక్కన పెట్టకండి. ఎనభై ఏళ్లు, నలభై అయిదు కిలోలు ఉన్న ఆవిడకు కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ సూత్రంతో లెక్కేస్తే కిడ్నీల వడపోత నిమిషానికి 32 మిల్లీలీటర్లే వస్తుంది. చాలా మందుల డోసులు మార్చాల్సి వస్తుంది.

*జ్ఞాపకశక్తి.* ఇక్కడే మన ప్రాంతపు చిక్కులన్నీ. పాడేరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడను తేదీ అడిగితే చెప్పలేదు, పుట్టినరోజు అంతకన్నా చెప్పలేదు. అంతమాత్రాన అది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కాదు. పున్నమికి ఇంకా ఎన్నాళ్లుందో, దగ్గర్లో ఏ పండగుందో అడగండి. హుద్‌హుద్ తుఫాను 2014లో వచ్చినప్పుడు ఎక్కడున్నారో, ఇంటికి ఏమైందో అడిగి, జవాబును కూతురుతో సరిచూడండి. కానీ ఇలా మార్చి అడిగినదానికి స్కోరు వేయొద్దు. స్కోరు కావాలంటే ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టే అడగాలి, చదువును బట్టి అర్థం చెప్పుకోవాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి డాక్టర్లు ఏసీఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులోకి తెచ్చారు, అలాంటిది నేర్చుకోండి. పరీక్షకు ముందు వినికిడి చూడండి. చెవిలో గుబిలి తీస్తే బాగుపడిన "మతిమరుపు" నేను చూశాను.

*ఎవరితో మాట్లాడుతున్నారు?* కొడుకు జవాబు చెప్తుంటే తల్లి గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. ముందు పేషెంటుతో, తర్వాత ఇంటివాళ్లతో విడిగా. పిలుపు కూడా చూసుకోండి. జీవితమంతా మాస్టారూ అనిపించుకున్న మనిషిని "తాతా, నోరు తెరువు" అంటే ఆయన నోరు తెరుస్తారు గానీ మనసు విప్పరు. తిట్టడం, కొట్టడం, పింఛను లాక్కోవడం లాంటివి బయటపడితే ఫోన్ చేయడానికి వయోవృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567 మీ టేబుల్ మీద రాసి ఉంచండి.

ఓపీ లేనివాళ్లకు దారి: ఏదైనా వృద్ధాశ్రమం నిర్వాహకుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని నెలకు రెండు ఆదివారాలు వెళ్లండి. ఫొటోలు తీసి పెట్టకండి, దయచేసి.

4. ఇంటిపేరు గొడవ ముందే తీర్చుకోండి

ఇది తెలుగువాళ్ల ప్రత్యేక రోగం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం, ఎంబీబీఎస్ డిగ్రీలో రెండు అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తిగా. ఆడవాళ్లకు పెళ్లి తర్వాత ఇంకోటి. బయటి దేశాల వెరిఫికేషన్‌లో ఫైలు ఇక్కడే ఆగిపోతుంది. అన్ని కాగితాలూ వరసగా పరిచి, తేడా ఉంటే ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. అది చాలదని అంటే యూనివర్సిటీలో దిద్దుబాటుకు పెట్టాలి. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ చుట్టూ తిరగడం దరఖాస్తు గడువు వారంలో ఉన్నప్పుడు మొదలుపెట్టేది కాదు.

5. సిఫార్సు లేఖలు, ఉద్దేశ పత్రం

పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే మీరు పేషెంటు పక్కన కూర్చోవడం చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖే బలమైనది. మీ నోట్‌బుక్‌లోంచి రెండు కేసులు ఆయనకు చూపించి అడగండి. లేఖలో రాయడానికి ఆయనకూ ఏదో దొరుకుతుంది.

ఉద్దేశ పత్రంలో అందరూ రాసేది ఒక్కటే: మా నాన్నమ్మ మంచాన పడింది, అప్పుడే నిర్ణయించుకున్నాను. మీ నాన్నమ్మ మీద నాకు గౌరవమే. కానీ సెలెక్షన్ కమిటీ ఆ రోజు అలాంటి నాన్నమ్మలను ముప్ఫైమందిని చదివి ఉంటుంది. బదులుగా ఒక్క కేసు రాయండి. ఏం చూశారు, ఏ మందు ఆపారు, నెల తర్వాత ఏమైంది, ఎక్కడ తప్పారు.

6. ఇంటర్వ్యూ

దీనికి పెద్ద తయారీ అక్కర్లేదు, మూడో మెట్టు సరిగ్గా చేసి ఉంటే. తరచూ అడిగేది ఒకటి: జ్వరంతో చేరిన ఎనభై ఏళ్లాయన రెండు రోజులుగా మౌనంగా నిద్రపోతున్నారు, ఏం చేస్తారు? "విశ్రాంతి తీసుకుంటున్నారు" అన్నవాళ్లు అక్కడే పోతారు. అరవని, మంచం దిగి పారిపోని డెలీరియం (జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి చెదరడం) అది. 4ఏటీ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, స్కోరు 4, ఆపైన ఉంటే డెలీరియం అనుకుని కారణం వెతకాలి.

ఇంకో ఉచ్చు క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్. మనిషి ఎంత బలహీనపడ్డారో కొలిచేది. 1 నుంచి 9 దాకా ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ బలహీనత ఎక్కువ. మంచంలో ఉన్న మనిషిని ఇవాళ ఎలా ఉన్నారో చూసి నంబరు వేస్తారు. తప్పు. జబ్బు చేయకముందు, రెండు వారాల కిందట ఎలా ఉండేవారో ఇంటివాళ్లను అడిగి వేయాలి. సొంతంగా బస్సెక్కి సింహాచలం వెళ్లొచ్చిన మనిషికి న్యుమోనియా రోజున 7 వేస్తే ఐసీయూ తలుపు మూసేసినట్టే.

7. చేరాక నేర్చుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

సర్టిఫికెట్ చెప్పదు. ఇలా చూడండి.

చేరకముందు మీరు రాసిన ఇరవై కేస్ షీట్లు దాచి ఉంచండి. ఆరో నెలలో కొత్తవి ఇరవై తీయండి. రెండింట్లోనూ ఈ ఆరు ఉన్నాయో లేదో టిక్ పెట్టండి: మందుల పూర్తి జాబితా, నిలబెట్టి చూసిన బీపీ, ఏడాదిలో పడిపోయిన చరిత్ర, జ్ఞాపకశక్తి, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు, పేషెంటుకు ఏది ముఖ్యం. చివరిది చాలామందికి ఖాళీగా ఉంటుంది. ఒకాయనకు షుగర్ ఎంతున్నా పర్వాలేదు, మనవరాలి పెళ్లి దాకా నడవాలి. దాన్నిబట్టే మందులు రాయాలి.

ఇంకో పద్ధతి: ఒకే పేషెంటుకు మీరూ మీ సహ ఫెలో విడివిడిగా ఫ్రెయిల్టీ స్కోరు వేయండి. ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే ఇద్దరూ మళ్లీ చరిత్ర తీసుకోండి. డిశ్చార్జి చేసినవాళ్లకు రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, మీరు ఆపమన్న మందు ఇంకా వేసుకుంటున్నారా అని అడగండి. మొదట్లో సగంమంది వేసుకుంటూనే ఉంటారు. తప్పు వాళ్లది కాదు, మీ డిశ్చార్జి సమ్మరీలో "ఆపాలి" అన్నది తెలుగులో పెద్దక్షరాలతో లేకపోవడమే.

బోర్డు మీద ఏం రాసుకోవాలి?

అందరూ ఆఖర్న సిగ్గుపడుతూ అడిగేది ఇది. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. ఎండీ జెరియాట్రిక్స్ గానీ డీఎన్‌బీ గానీ ఉంటే నిస్సంకోచంగా రాసుకోండి. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ పట్టుకుని "జెరియాట్రీషియన్" అని రాయొద్దు. "ఎండీ, జనరల్ మెడిసిన్" అని రాసి, కింద "వయోవృద్ధులకు ప్రత్యేక ఓపీ, మంగళ, శుక్రవారాలు" అంటే చాలు, జనానికి అర్థమవుతుంది.

బోర్డు పెయింటర్‌ని పిలిచేముందు మీ క్లినిక్ మెట్లు లెక్కపెట్టండి. ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో మొదటి అంతస్తులో, లిఫ్టు లేకుండా వృద్ధుల ఓపీ పెట్టుకున్నవాళ్లను చూశాను. కింద గది దొరక్కపోతే రెండు వైపులా రెయిలింగ్ వేయించి, మెట్లెక్కలేనివారిని గురువారం సాయంత్రం ఇంటికొచ్చి చూస్తామని కింది గేటు దగ్గరే రాసి పెట్టండి.